మీనాక్షికి పెరుగన్నం

మా ఆఫీసులో నిజంగా పనిచేసే ప్రాణి ఒకటే ఉండేది. దాని పేరు మీనాక్షి. అది పిల్లి.

నేను ఆ ఆఫీసులో సూపరింటెండెంటుని. పేరు భీమశంకరం. మాది పాత దస్తావేజుల శాఖ. రేవు పక్కన తెల్లదొరలు ఉప్పు నిల్వచేసుకోడానికి కట్టించిన గోదాములో ఉంటాం. ఏ చెరువుగట్టు ఎవరిదో, ఏ సరిహద్దు రాయి ఎక్కడ పాతారో చెప్పే కాగితాలన్నీ కింది అంతస్తులో కట్టలుకట్టి పడున్నాయి. ఆ కాగితాలు జనానికి ఆధారం, ఎలకలకి భోజనం. అందుకని దొరల కాలంలోనే ఒక ఏర్పాటు చేశారు. ఆఫీసుకి ఒక పిల్లి, పిల్లికి రోజూ చేపలు. ఆ ఖర్చు ఇప్పటికీ ‘మూషిక నివారణ’ అనే పద్దు కింద మంజూరవుతుంది. స్వరాజ్యం వచ్చాక ఎన్నో మార్చారు గానీ ఆ పద్దు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పనికొచ్చే పద్దు ఒకటుందని పైవాళ్ళకి తెలియకపోవడమే కారణమై ఉంటుంది.

చేపలు తెచ్చేది మా అటెండరు పోలమ్మ. రేవులోనే పుట్టి పెరిగిన మనిషి. పొద్దున్నే వలల దగ్గరికి వెళ్ళి గుప్పెడు నెత్తళ్ళో, రొయ్య తలకాయలో కొంగున కట్టుకుని వచ్చేది. మీనాక్షి అవి తిని, మూతి తుడుచుకుని, కింది గదిలోకి దిగేది. ఇక ఆ రోజుకి ఎలకలకి సెలవు.

ఇలా సుఖంగా ఉండేవాళ్ళం. అంతలో డైరెక్టర్ మార్తాండరావుగారు రాజధానిలో ఏదో సమర్థతా శిబిరానికి వెళ్ళివచ్చారు. అక్కడ ఒక శాస్త్రజ్ఞుడు ఉపన్యాసం ఇచ్చాడట. ఆయన పాపం శరీరం గురించి మాట్లాడాడు. మావాడు దాన్ని పరిపాలన గురించి విన్నాడు.

తిరిగొచ్చిన మర్నాడే అందర్నీ సమావేశపరిచారు.

“మానవదేహమందలి కణకణమునందునూ టారిన్ అనబడు ఒక పదార్థము నిశ్శబ్దముగా విధులు నిర్వర్తించుచున్నది” అన్నారు డైరెక్టర్‌గారు. “గుండె కండరమున అదే. మెదడున అదే. కంటి వెనుక పొరయందు అదే. కణములో నీరు ఎక్కువైన వెలుపలికి, తక్కువైన లోపలికి, సమతూకము చూచునది అదే. కాల్షియము రాకపోకలను క్రమబద్ధీకరించునది అదే. కొవ్వును అరిగించు పైత్యరసమునకు తోడ్పడునదియును అదే. ఇన్ని శాఖల పని ఒక్కటే చూచుచున్నది. ఒక్క ఫైలు పెండింగు లేదు. మరి మన శాఖలో?”

జవాబు కూడా ఆయనే చెప్పారు.

“మన శాఖలో టారిన్ లోపించినది. అదియే రోగము.”

ఆయన మొదట చెప్పిందంతా నిజమే. అబద్ధమైతే బాగుండేది. అబద్ధాన్ని ఎవరో ఒకరు పట్టుకుంటారు. నిజం ఒక అధికారి చేతిలో చిక్కితే విడిపించే నాథుడు ఉండడు.

వారం తిరక్కుండా టారిన్ మిషన్ మొదలైంది. సెక్షన్లన్నీ కణాలైపోయాయి. ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత నేను మూడో కణానికి అధిపతినయ్యాను. బోర్డు కూడా పెట్టారు. పెండింగు దరఖాస్తుల్ని ‘కణమందలి అధిక ద్రవము’ అనాలన్నారు. గేటుని పొర అన్నారు. కణం పొర అందర్నీ లోపలికి రానివ్వదు కాబట్టి మేమూ రానివ్వకూడదన్నారు. పొలం నకలు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రైతులు ఎండలో నిలబడి, “పోనీ లోపలున్నోళ్ళన్నా బయటికి రండి బాబూ” అని బతిమాలుకునేవాళ్ళు. దానికి మాకు ఉత్తర్వు లేదు.

పదకొండింటికి గంట కొట్టేవారు. అందరూ వరసలో నిలబడి టారిన్ మాత్ర మింగాలి. మింగి నోరు తెరిచి నాలిక పైకెత్తి చూపించాలి. పెన్షనుకి దగ్గరపడిన మనుషులు కూడా బడిపిల్లల్లా నాలిక ఎత్తేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“మన కాలేయం దీన్ని తనంతట తనే తయారుచేసుకుంటుందని మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది కదండీ. మరి ఈ మాత్రలెందుకండీ?”

డైరెక్టర్‌గారు నావైపు జాలిగా చూశారు. “శంకరంగారూ, కాలేయము తయారుచేయునది అనధికారిక టారిన్. దానికి నాణ్యతా ధ్రువీకరణ లేదు, టెండరు లేదు. మనమిచ్చునది మంజూరైన టారిన్.”

ఒంటికి అక్కర్లేనిదంతా ఒంటేలులో పోతుందని మా ఆఫీసుకొచ్చే డాక్టరు మెల్లగా చెప్పాడు. అంటే మంజూరైన టారినంతా ఆఫీసు మరుగుదొడ్డికి చేరుతోందన్నమాట. మా ఊళ్ళో అంత బలమైన మరుగుదొడ్డి ఇంకోటి ఉండదు. పూటకి నాలుగుసార్లు అటు వెళ్ళివచ్చే ఉద్యోగుల్ని చూసి డైరెక్టర్‌గారు, “కణముల కదలిక పెరిగినది” అని పైకి నివేదిక పంపారు.

ఇక్కడిదాకా నవ్వుకోడానికి బాగానే ఉంది. నేనూ నవ్వుకున్నాను. తర్వాతే వాళ్ళ చెయ్యి మీనాక్షి మీద పడింది.

మా శాఖలో ఒక ఆచారం ఉంది. డైరెక్టర్‌గారి బల్ల మీదికి ఏ సంగతైనా ఒక్క పేజీలోనే వెళ్ళాలి. పెద్దవారి కాలం విలువైనది. రెండో పేజీ ఉంటే గుండుసూది తీసి, దాన్ని కిందే ఉంచేసి, మొదటిది మాత్రం పైకి పంపుతారు. రెండో పేజీ చదివిన డైరెక్టర్ మా శాఖ చరిత్రలోనే లేడు.

టారిన్ గురించి ఇంకేమైనా విశేషాలుంటే పంపమని ఆయన అడిగితే, ఎవరో ఓ రెండు పేజీల వ్యాసం పంపారు. మొదటి పేజీ చివరి వాక్యం ఇది: ‘పిల్లి కంటిచూపునకు, గుండె బలానికి టారినే ఆధారం.’ రెండో పేజీ మొదటి వాక్యం ఇది: ‘కాని తనకు చాలినంత టారిన్‌ను పిల్లి శరీరం తయారుచేసుకోలేదు; మాంసం, చేపల నుంచే దానికి అందాలి.’ రెండో పేజీ ఆచారం ప్రకారం కిందే ఉండిపోయింది. నేను కూడా దాన్ని చదివింది చాలా ఆలస్యంగానే.

డైరెక్టర్‌గారు మొదటి పేజీ పట్టుకుని పరవశించిపోయారు. “మన వద్దనే ఒక మార్జాలము ఉన్నదట కదా” అన్నారు.

ఆ సాయంత్రమే మీనాక్షిని కింది గదిలోంచి తీసి పై అంతస్తులో మిషన్ గదిలో పెట్టారు. ఏసీ గది, కింద ఎర్ర తివాచీ, అద్దాల తలుపు, మఖమలు దిండు. మిషన్ ప్రచార ప్రతినిధిగా నియమిస్తూ ఉత్తర్వు కూడా వచ్చింది. దాని కళ్ళని ఫొటో తీసి, గోడంత చేసి, ‘మీనాక్షి చూపు, మన శాఖ చూపు’ అని రాసి గుమ్మానికి ఎదురుగా తగిలించారు.

మర్నాడు పోలమ్మ అలవాటు ప్రకారం నెత్తళ్ళు పట్టుకుని పైకి వెళ్ళింది. తివాచీకి చేపల వాసన పట్టింది. గంటలో ఇంకో ఉత్తర్వు. ‘మిషన్ ప్రాంగణమున పరిశుభ్రతా దృష్ట్యా సాత్త్వికాహారము మాత్రమే అనుమతించబడును.’ మీనాక్షికి రోజూ ఒంటిగంటకి డైరెక్టర్‌గారి ఇంటి నుంచి వెండి గిన్నెలో పెరుగన్నం వస్తుందన్నారు. తన ఇంటి నుంచి! ఆ ఔదార్యానికి అందరూ చప్పట్లు కొట్టారు.

“పెరుగన్నం ఎన్నాళ్ళు తింటదండి అది?” అని పోలమ్మ నా దగ్గరికొచ్చి మొత్తుకుంది. “దాని పళ్ళు సూడండి ఓసారి. పెరుగన్నానికిచ్చిన పళ్ళాండి అయ్యి?”

“రెండ్రోజులు ఓపిక పట్టు పోలమ్మా. పెద్దాయన మోజు తీరగానే కిందికి పంపేస్తారు” అన్నాను.

మోజు తీరలేదు. అద్దాల తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది కాబట్టి మీనాక్షి బయటికి రాలేదు. ఎలక దానిదాకా పోలేదు. ఆకలికి పెరుగన్నమే తిన్నది. ఒళ్ళు చేసింది కూడా. వచ్చినవాళ్ళంతా, ఎంత ముద్దుగా ఉందో అన్నారు. కింద ఎలకలు మొదట అనుమానంగా తిరిగాయి, తర్వాత ధైర్యంగా తిరిగాయి, ఆ తర్వాత సంసారాలు పెట్టాయి. కాగితాలు పోయినవాళ్ళకి ‘మూషిక భక్షితము’ అని ముద్రకొట్టి తిప్పిపంపడం మొదలుపెట్టాం. ఆ ముద్ర మాత్రం చాలా చక్కగా చేయించారు.

వానాకాలం వెళ్ళి చలి మొదలయ్యే వేళకి పోలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి మొత్తుకోలేదు. గొంతు తగ్గించి మాట్లాడింది.

“అయ్యగారూ, మీనాక్షి కుర్చీ కోడుకి గుద్దుకుందండి. రెండోసారండి. చెయ్యి దాని మొహం ముందు ఆడించానండి. కన్ను కదపలేదు.”

నేను సెలవు చీటీ పెట్టి పశువుల ఆసుపత్రికి పోయి డాక్టర్ జరీనాగారిని వెంటబెట్టుకొచ్చాను. ఆవిడ మీనాక్షి కళ్ళలోకి లైటు వేసి చూశారు. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు.

“ఏం పెడుతున్నారు దీనికి?”

“పెరుగన్నమండి.”

“అదొక్కటేనా? ఎన్నాళ్ళ నుంచి?”

చెప్పాను. ఆవిడ నా మొహంకేసి చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

“మనం గడ్డి తిన్నా మన కాలేయం కాస్తోకూస్తో టారిన్ చేసుకుంటుందండి. పిల్లికి ఆ శక్తి లేదు. చేపో, మాంసమో, ఎలకో తింటేనే దానికి దొరుకుతుంది. అది లేక కంటి వెనక పొరలో కణాలు చచ్చిపోతున్నాయి. చచ్చినవి మళ్ళీ పుట్టవు. గుండె కండరం కూడా సాగిపోతోంది. ఇవాళ్టి నుంచి చేపలు పెట్టండి, లేదా టారిన్ మాత్ర పొడిచేసి కలపండి. ఇంకా కొంచెం చూపు మిగిలే ఉంది. ఆ కాస్తా నిలబెట్టుకోవచ్చు.”

టారిన్ మాత్ర. ఆ మాట విన్నప్పుడు మేం నిలబడ్డది ఎక్కడనుకున్నారు? ఆ గదిలోనే గోడ పొడుగునా టారిన్ డబ్బాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. మీనాక్షి దిండు వేసింది వాటికి ఆనించే.

డాక్టరమ్మ నివేదిక రాసిచ్చారు. ఖర్మ కొద్దీ అది రెండు పేజీలైంది. మొదటి పేజీలో, ‘జంతువు శాంతంగా ఉంది, బరువు పెరిగింది’ అని ఉంది. జబ్బూ మందూ రెండో పేజీలో ఉన్నాయి. ఆ నివేదిక మొదటి పేజీని పటం కట్టించి మిషన్ గదిలో వేలాడదీశారు.

ఇక లాభం లేదని నేనే డైరెక్టర్‌గారి గదిలోకి వెళ్ళాను. నోటితో చెబితే పేజీలు ఉండవు కదా అనుకున్నాను.

అంతా విని ఆయన కళ్ళు మూసుకున్నారు. “చేపల విషయమున ఉత్తర్వు స్పష్టముగా ఉన్నది.”

“పోనీ మాత్ర ఇప్పించండి సార్. రోజుకి ఒక్కటి. డబ్బాలు అక్కడే ఉన్నాయి.”

“మాత్రలు శాశ్వత ఉద్యోగులకు మాత్రమే ఉద్దేశించబడినవి. మార్జాలము ఉద్యోగి కాదు, పద్దు.”

“ప్రచార ప్రతినిధిగా నియమించారు కదండీ.”

“అందుచేతనే మరింత వీలుపడదు. ప్రచారము చేయువారే పదార్థమును సేవించిన నిష్పాక్షికతకు భంగము వాటిల్లును. ఆడిట్ వారు ఊరుకొందురా?”

ఎదుటి మిషన్ గది అద్దం తలుపులోంచి మీనాక్షి కనపడుతోంది. వెండి గిన్నె ఎక్కడుందో ముక్కుతో వెతుక్కుంటోంది. ఎదురుగా గోడమీద దాని కళ్ళు మాత్రం మనిషంత ఎత్తున మెరుస్తున్నాయి. ఆ పూట ఆయన్ని చొక్కా పట్టుకుని కిందికి ఈడ్చుకెళ్ళి ఎలకల మధ్య కూర్చోబెట్టాలనిపించింది. పెన్షను గుర్తొచ్చి నమస్కారం పెట్టి వచ్చేశాను.

మర్నాడు పదకొండు గంటల వరసలో మాత్ర బుగ్గన పెట్టుకుని నాలిక ఎత్తాను. బుగ్గ చూపించమని ఉత్తర్వులో లేదు. ఆ మాత్ర పోలమ్మకిచ్చాను. ఆమె పొడికొట్టి పెరుగన్నంలో కలిపింది. అలా కొన్నాళ్ళు సాగింది. ఆ కొన్నాళ్ళూ మీనాక్షి గోడకి గుద్దుకోవడం కాస్త తగ్గిందని పోలమ్మ మురిసిపోయింది. తర్వాత గదిలోని కెమెరా మమ్మల్ని పట్టించింది. ‘మంజూరైన టారిన్ దారిమళ్ళింపు’ అనే నేరం కింద నాకు మెమో వచ్చింది. పోలమ్మకి పై అంతస్తులో అడుగుపెట్టకుండా నిషేధం వచ్చింది. మాత్ర మింగాక బుగ్గలు కూడా చూపించాలని ఉత్తర్వు సవరించారు.

సంక్షేమశాఖల పెద్ద సెక్రటరీగారు మిషన్ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆయనకి నచ్చితే రాష్ట్రమంతా అమలు. డైరెక్టర్‌గారు ఒక ప్రదర్శన ఆలోచించారు. పిల్లి ముందు ఎలకని వదలాలి. పిల్లి చటుక్కున దూకాలి. టారిన్ ప్రభావం కళ్ళారా చూపించాలి.

“సార్, దానికి కళ్ళు...” అన్నాను.

“నిరాశావాదము కూడ టారిన్ లోపమే శంకరంగారూ” అన్నారు.

ఎలకని పట్టుకోవడం కష్టం కాలేదు. కింద ఎలకలు మనుషుల్ని చూసి పారిపోవడం మానేసి చాలా రోజులైంది. ఒక లావుపాటిదాన్ని ఎంచి బుట్టలో వేసి తీసుకొచ్చారు. సెక్రటరీగారు సోఫాలో కూర్చున్నారు. చుట్టూ మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. బుట్ట మూత తీశారు.

చప్పుడు విని మీనాక్షి చెవులు నిక్కబొడుచుకుంది. అది పని మర్చిపోలేదు. దిండు మీంచి లేచింది, దూకబోయింది. బల్ల కోడుకి తల కొట్టుకుని పడింది. మళ్ళీ లేచింది. నాలుగు అడుగులు వేసేసరికి డొక్కలు ఎగిరెగిరిపడ్డాయి. ఇక చాతకాక అక్కడే కూలబడి నోరు తెరిచి రొప్పింది. ఎలక కాసేపు చూసి, తీరిగ్గా దాని పక్కనుంచి నడిచివెళ్ళి, వెండి గిన్నెలో పెరుగన్నం తినడం మొదలుపెట్టింది.

నాకు లోపల ఒకటే ఆశ. ఇప్పుడైనా సిగ్గుపడతారేమో అని.

డైరెక్టర్‌గారు గొంతు సవరించుకున్నారు. “గమనించితిరా సార్? టారిన్ మెదడునందలి కణముల ఉద్రేకమును శమింపజేయునని శాస్త్రము. జన్మవైరము నశించినది. ఒకే గిన్నె వద్ద సహజీవనము.”

సెక్రటరీగారు పిల్లినీ ఎలకనీ మార్చిమార్చి చూశారు. “అద్భుతం” అన్నారు. “యూనియన్ల మీద కూడా ఇదే ఫలితం ఉంటుందా?”

“తప్పక సార్.”

“అయితే అన్ని శాఖలకీ పంపండి. నోట్ ఒక్క పేజీకి మించకూడదు.”

చప్పట్లు మోగుతుండగా అద్దాల తలుపు తోసుకుని పోలమ్మ వచ్చింది. నిషేధం సంగతి ఆమెకి గుర్తులేదో, అక్కర్లేదో. ఎవరివైపూ చూడకుండా వెళ్ళి తివాచీ మీద కూర్చుని మీనాక్షిని ఒళ్ళోకి తీసుకుంది. కొంగుతో దాని మూతి తుడిచింది.

“ఎవరమ్మా నువ్వు?” అన్నారు సెక్రటరీగారు.

“దీనికి చేపలేసేదాన్నండి.”

“ఎక్కడికి తీసుకుపోవుచున్నావు?” అన్నారు డైరెక్టర్‌గారు. “అది శాఖ ఆస్తి.”

“ఆస్తి కాదండి, పిల్లండి” అంది పోలమ్మ. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు వణకలేదు. “కళ్ళు మీరు తీసేసుకున్నారు. గుండెనన్నా మిగుల్చుకుంటానండి.”

మెట్లు దిగి, వరండా దాటి, గేటు దాటి వెళ్ళిపోయింది. గేటు దగ్గర కాపలావాడు ఆపలేదు. లోపలికి వచ్చేవాళ్ళని ఆపమనే అతనికి ఉత్తర్వు. ఎండలో నిలబడ్డ రైతులు మాత్రం పక్కకి జరిగి దారిచ్చారు.

రేవులో పోలమ్మ ఇంట్లో మీనాక్షికి పూటపూటా నెత్తళ్ళే. నెలలు గడిచాక జరీనాగారు వెళ్ళి గొట్టం పెట్టి విని, గుండె గాడిలో పడిందన్నారు. చూపు రాదన్నారు. పోలమ్మ అడుగుల చప్పుడు విని అది గుమ్మందాకా నడిచొస్తుంది. మొహం మాత్రం ఒక్కోసారి తలుపుకేసి తిప్పుతుంది, ఒక్కోసారి గోడకేసి. చూసొచ్చిన రోజున నాకు అన్నం సయించలేదు.

ఆఫీసు ఊరుకుంటుందా? అనుమతి లేకుండా విధులకి గైర్హాజరైనందుకు మీనాక్షి పేర నోటీసు పంపింది. పోలమ్మ దాన్ని చేపలు చుట్టుకోడానికి వాడుకుంది. మా కాగితం ఒక పిల్లికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఖాళీ అయిన స్థానంలో నిన్న కొత్త పిల్లిని నియమించారు. పిల్లి కూడా కాదు, పిల్లికూన. తెల్లటిది. డైరెక్టర్‌గారు దాన్ని రెండు చేతుల్లో పైకెత్తి అందరికీ చూపించారు. అది మా అందర్నీ పేరుపేరునా పలకరిస్తున్నట్టు గుండ్రంగా కళ్ళు తిప్పి చూసింది.

“ఎంత చురుకైన చూపో గమనించుడు” అన్నారు. “మన మిషన్ వాతావరణములో అడుగిడిన క్షణముననే టారిన్ పనిచేయుచున్నది.”

ఆ పొద్దుటిదాకా అది రేవులో చేపపేగులు తిని పెరిగింది.

ఒంటిగంటకి వెండి గిన్నెలో పెరుగన్నం వచ్చింది.